చివరి పేజీలో పేరు

ఇందులో ఎవరి పేరూ రాయను. నా పేరు కూడా రాయను. పేరు రాయడమంటే నాకు భయం పట్టుకున్నది ఒకే ఒక్క వారంలో. ఆ వారం సంగతే చెబుతున్నాను.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. మాది హుస్నాబాదు. నేను కాపురానికి వచ్చి రెండేళ్లయింది. వయసు పంతొమ్మిది, నోరు మాత్రం అంతకంటే పెద్దది. మా ఆయన బడిపంతులు. అత్తగారింట్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఆయన కాదు, ముందరి అర్రలో, అంటే ముందు గదిలో ఉన్న పుస్తకాల సందూక పెట్టె. ఈ మాట ఆయన మొహం మీదే అనేదాన్ని. ఆయన నవ్వేవాడు. నవలలు, పద్యాలు, పాత పత్రికలు, ఎవరెవరి మూటల్లోనో దాక్కొని బెజవాడ దిక్కు నుంచి వచ్చిన చిన్న చిన్న పుస్తకాలు, అన్నీ కలిపి డెబ్బై దాకా ఉండేవి. ఊళ్లో చదువు వచ్చినవాళ్లు వచ్చి అడిగి తీసుకుపోయేవాళ్లు.

నేను వచ్చాక ఒక పద్ధతి పెట్టాను. పుస్తకం మొత్తం చదివినవాళ్లు చివరి పేజీలో తమ పేరు రాయాలి. నాలుగు పేజీలు తిరగేసి అరుగు మీద గొప్పలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అందుకే పూర్తి కానిదే ఎవరూ పేరు రాయకూడదన్నాను. నేనైనా సరే.

మా ఎదురింట్లో ఒక దర్జీ ఉండేవాడు. నలభై ఏళ్ల మనిషి. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడేవాడు. తెలుగు అక్షరాలు మాత్రం రావు. సాయంత్రాలు మా ఆయన దగ్గర కూర్చొని నేర్చుకున్నాడు. తర్వాత ఎర్ర అట్ట నవల ఒకటి తీసుకొని, అక్షరం మీద వేలు పెట్టి చదువుతూ ఎనిమిది నెలలకు పూర్తి చేశాడు. చివరి పేజీలో పేరు రాస్తుంటే ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చివరి అక్షరం పక్కకు ఒరిగిపోయింది. భార్యను పిలుచుకొచ్చి మరీ చూపించాడు. ఆ లావు పుస్తకాన్ని అప్పటిదాకా వేరెవరూ పూర్తి చేయలేదు. అందులో ఆయనది ఒక్కటే పేరు.

ఆ వారం సోమవారంనాడు మా అన్న చొప్పదండి నుంచి వచ్చాడు. అది మా తల్లిగారి ఊరు. నీళ్లు కూడా తాగకుండా సంగతి చెప్పాడు. కమ్యూనిస్టుల పుస్తకాల కోసం పోలీసులు మా వాడకట్టులో ఒక ఇల్లు సోదా చేశారట. రెండు పుస్తకాలు దొరికాయట. ఇంటాయనను తీసుకుపోయి పదిరోజులైందట, ఇంకా రాలేదట.

"ఏం పుస్తకాలు?" అని అడిగాను.

"ఎవలకెరుక చెల్లె? ఇంటి ముంగట సామానంత కుప్ప వోసిన్రు. పుస్తకాలు తీస్కపోయిన్రు."

ఏ పుస్తకం తప్పుదో, ఏది మంచిదో ఎవరికీ తెలియదు. అదే అందరికీ భయం. మా ఆయనతో కలిసి చదువుకున్న ఒకతను దళంలో చేరి అడవిలోకి పోయాడు. కాబట్టి మా ఇంటికి వస్తారన్నది ఖాయం. ఎప్పుడన్నదే తెలియదు.

"ఐతారం లోపల సందూక ఖాళీ గావాలె," అన్నాడు మా ఆయన. ఆదివారానికి ఆరు రోజులే ఉంది. ఆ రోజు ఆయన నవ్వలేదు.

కాల్చడానికి వీల్లేదు. అంతకు ముందు వారమే వెనక వీధిలో ఒకరు కాల్చితే, సగం కాలిన కాగితాలు గాలికి లేచి బడి ఆవరణలో పడ్డాయి. పోలీసులు బడి మూసేసి అక్కడే క్యాంపు పెట్టారు. బావిలో వేస్తే తేలుతాయి. చివరికి మా అత్తమ్మే ఉపాయం చెప్పింది. ఆమె ఏటా చిత్తు కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి దంచి, ఆ గుజ్జును చాటలకు పూసేది. బోర్లించిన గిన్నె మీద మెత్తి ఆరబెట్టి బుట్టలు కూడా చేసేది.

"నానవెడదాం, దంచుదాం. చాటలకు పూస్తె ఎవడడుగుతడు?" అంది.

అలా మొదలైంది. నేను అట్టలు పీకి, కుట్లు తెంపి ఇచ్చేదాన్ని. ఆమె నీళ్ల గాబులో వేసి, మర్నాటికి మెత్తబడ్డ కాగితాన్ని రోట్లో వేసి దంచేది. అక్షరాలు విడిపోయి నీళ్లు బూడిద రంగుకు తిరిగేవి. మంచి పేజీ కనబడితే ఆగి చదివేదాన్ని. అలా చదువుతూ పోతే పని ఎక్కడ జరుగుతుంది?

"ఖాళీ చేస్తున్నవా, సదువుతున్నవా?" అని అత్తమ్మ కసిరేది.

"రెండూ," అనేదాన్ని.

మంగళవారం పొద్దున దర్జీ మా గడప దగ్గరికి వచ్చాడు. నేను కుట్టమని ఇచ్చిన రవిక గుడ్డకు కొలత అడగడానికి వచ్చానన్నాడు. కానీ చూపంతా లోపలి సందూక మీదే ఉంది. గొంతు తగ్గించి అడిగాడు.

"చెల్లె, నా పేరున్న కాయితం జర చింపెయ్యరాదు?"

ఆ ఏడు ఆయనలాంటి ముసల్మానులకు అసలే గడ్డుకాలం. తల వంచుకొని మిషన్ తొక్కుకుంటూ బతుకుతున్నాడు. నాకు అది తెలుసు. తెలిసి కూడా వేళాకోళమాడాను.

"నీ వంకర అచ్చరం జూసి ఎవరు గుర్తువడుతరన్నా? ఫికర్ జేయకు. రేపటికల్ల పుస్తకమే ఉండది."

"రేపంటె రేపే గద?"

"రేపే."

ఆయన తల ఊపి వెళ్లాడు. ఆ ఒక్క కాగితం చింపడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆ నవల నేనింకా చదవలేదు. మొత్తంగా ఉన్న పుస్తకాన్ని పట్టుకొని పేజీ చింపాలంటే నాకు చేయి రాలేదు. ఎలాగూ దంచేదే కదా, చదివాక ఒకేసారి గాబులో వేద్దామనుకున్నాను. ఆ సాయంత్రమే మొదలుపెట్టాను.

బుధవారం చదువుతూ చదువుతూ రెండు జొన్న రొట్టెలు మాడగొట్టాను. మధ్యాహ్నం వెనక వీధిలో ఈల వినిపించింది. తర్వాత కుండలు పగిలిన చప్పుడు, ఒక ఆడమనిషి ఏడుపు. అత్తమ్మ రోకలి ఆపి విన్నది. కాసేపటికి మళ్లీ దంచడం మొదలుపెట్టింది, ముందుకంటే గట్టిగా. గురువారం అంగడి రోజు. బండ్లు రాలేదు. కూరగాయల వాళ్లు ముగ్గురో నలుగురో వచ్చి, ఎండ ముదరకముందే గంపలు ఎత్తుకొని పోయారు. ఎదురింట్లో మిషన్ మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆ రోజు సాయంత్రానికి సందూకలో ఏమీ మిగలలేదు. వాకిట్లో బోర్లించిన గిన్నెల మీద బుట్టలు వరసగా ఆరుతున్నాయి. ఎర్ర అట్ట నవల మాత్రం జొన్నలు నిల్వచేసే గుమ్మిలో దాచాను. ఇంకా నలభై పేజీలున్నాయి.

"అన్నీ అయినయా?" అని మా ఆయన అడిగాడు.

"అయినయి," అన్నాను.

శుక్రవారం అన్నం పొద్దుకు వాళ్లు వచ్చారు. ఆరుగురు పోలీసులు, తెలుగు తెలియనివాళ్లు. వాళ్లకు చదివి చెప్పడానికి వెంట ఒక గుమాస్తా ఉన్నాడు. సందూక తెరిచి అడుగు తట్టారు. గాబులో కర్ర పెట్టి కలియబెట్టారు. అత్తమ్మ చాట ఎత్తి చూపించింది. ఒకతను గుజ్జు వాసన చూసి మొహం చిట్లించాడు. ఇంక పోతారనుకున్నాను. అంతలో ఇంకొకతను పొడుగాటి ఇనుప చువ్వ తెచ్చి జొన్నల గుమ్మిలో దించాడు. రెండోసారి దించినప్పుడు చువ్వ దేనికో తగిలి ఆగింది.

పుస్తకం బయటికి తీసి, అంటుకున్న జొన్నలు దులిపారు. గుమాస్తా దాన్ని అందుకొని మా ఆయన వైపు చూశాడు.

"ఎవరిది?"

ఒకతను అప్పటికే మా ఆయన రెట్ట పట్టుకున్నాడు. గుమాస్తా పేజీలు తిప్పుతూ చివరికి వచ్చి ఆగాడు. పేరు పైకి చదివాడు. తడుముకోకుండా చదివాడు. అంత వంకరగా రాసిన పేరును.

"ఎవరు ఈయన?"

అడిగింది అంతే. నేను చెప్పింది మాత్రం అంతకంటే ఎక్కువ.

"ఎదురింటి దర్జీ. గా పుస్తకం ఆయనదే, మాది కాదు. పేరు సూడుండ్రి, ఒక్కటే ఉన్నది."

నిజంగానే ఒక్కటే ఉంది. నలభై పేజీలు మిగిలాయి కాబట్టి నా పేరు అందులో లేదు. నేను పెట్టిన పద్ధతే నన్ను కాపాడింది. మా ఆయన నా వైపు చూశాడు, కానీ కాదనలేదు. రెట్ట వదిలేశారు. వాళ్లు వాకిలి దాటుతుంటే ఎదురింటి మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత ఆగిపోయింది. నేను తలుపు దగ్గరికి పోలేదు. గుమ్మి దగ్గర కూర్చొని, చెదిరిన జొన్నలు ఒక్కొక్కటే ఏరుతున్నాను.

ఆదివారం దర్జీ భార్య వచ్చింది. నా రవిక గుడ్డను కత్తిరించకుండా, మడత పెట్టి, గడప మీద ఉంచి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది. మా ఆయన తర్వాత చాలా రోజులు నాతో అవసరానికే మాట్లాడాడు. ఆయన ప్రాణం దక్కింది నావల్లేనని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా సిగ్గు పోలేదు.

దర్జీ వానాకాలం పోయాక తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. కుడి చేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. మిషన్ మీద కొడుకు కూర్చుంటున్నాడు. వారం రోజులు నేను ఆ దిక్కుకు చూడలేదు. ఎనిమిదో రోజు పొద్దున ఆయనే మా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

"అన్నా, నీ పేరు చెప్పింది నేనే," అన్నాను.

"ఎరుకే చెల్లె. వాళ్లు మొదటి దినమే చెప్పిన్రు."

ఆయన చూపు నన్ను దాటి ముందరి అర్రలోకి పోయింది. సందూక మూత తెరిచే ఉంది. అందులో అత్తమ్మ ఉల్లిగడ్డలు పోసింది.

"పొద్దు వోతలేదు. కుట్టుడు చాతనైతలేదు. చదివేటిదేమన్న ఉంటె ఇయ్యి," అన్నాడు. తర్వాత మెల్లగా, నాకు ధైర్యం చెబుతున్నట్లు అన్నాడు, "ఈసారి పేరు రాయను తియ్."

ఉండు అన్నా, చూస్తానని లోపలికి వెళ్లాను. ఇంట్లో ఒక్క పుస్తకం లేదని నాకు తెలుసు. అయినా ప్రతి గూడులో, ప్రతి బుట్ట కింద చాలాసేపు వెతుకుతూనే ఉన్నాను.