కంప్యూటరుకు కోసిన దసరా కోడి

ముందే ఒప్పేసుకుంటున్నాను, నా నోటికి ఒక జబ్బుంది. లోపలికి పిల్లిగా పోయినది బయటికి పులిగా వస్తుంది. కాబట్టి ఈ కింద రక్తం మరీ ఎక్కువగా కనబడితే కొంత తుడుచుకుని చదవండి, అంతా మాత్రం తుడిచేయకండి.

మొన్న మడికొండలో మా మేనకోడలి ఇంటికి పోయినప్పుడు ఆ పిల్ల లాప్‌టాప్ నల్లటి తెరమీద నాలుగు తెల్ల అక్షరాలు చూపించి మొరాయించింది. లైనక్స్ అట, డిస్కులో ఒక పార్టిషన్ మౌంట్ కావడం లేదట. ఆ మాట వినగానే నా కళ్ళు తలుపు గడియ కోసమూ చేతులు ఏదైనా కర్ర కోసమూ వెతికాయి. ఆ పిల్ల ఒక చేత్తో చాయ్ తాగుతూ ఇంకో చేత్తో కీబోర్డుమీద రెండు ముక్కలు కొట్టగానే డిస్కు లేచి కూర్చుంది. ఒక్కరి పన్నూ రాలలేదు, ఒక్కరి చొక్కా చిరగలేదు. డిస్కు బాగుచేయడమంటే ఇంతేనా అని నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

ఎనభైల చివర్లో, మనవాళ్ళు పాత బెల్‌బాటం ప్యాంట్లను కత్తిరించి కూరగాయల సంచులు కుట్టించుకుంటున్న రోజుల్లో, వరంగల్లులో మగ్గం నేసేవాళ్ళకు నూలు పంచే ఒక సంఘంలో మా అన్న కంప్యూటరు నడిపేవాడు, నేను దాని ప్రింటరుకు కాగితం తినిపించేవాణ్ణి. ఆ యంత్రం మా అమ్మ పెళ్ళి బీరువా కన్నా జానెడు ఎత్తుండి, నడుస్తుంటే కాజీపేట స్టేషన్లో ఇంజను నిలబడ్డట్టు గుర్రుమనేది. దానిమీద నడిచే యునిక్స్ ఇప్పటి లైనక్సుకు పెద్దనాయన వరస. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు దాని డిస్కును వాటాలు వేశారు, పార్టిషన్లంటే అవే. ముందు వాటాలో యంత్రం నిద్రలేవడానికి కావలసిన సామాను, వెనక వాటాలో ఏ మగ్గానికి ఏ రంగు నూలు ఎంత ఇవ్వాలన్న వివరం. ముందు వాటాతో లేవడం బూటవడమని, వెనక వాటా తలుపు తీయడం మౌంటని మా అన్న నాకు పాఠం చెప్పాడు. యంత్రం చీటీ కొడితేనే గోదాము తాళం తీయాలని పైవాళ్ళ ఆర్డరు.

ఆ గోదాముకు మేస్త్రి మా చిన్నాయన. దసరానాడు తూకం కాంటాకు ఒక కోడి, లారీకి ఒక కోడి, బేళ్ళు లాగే కొక్కేలకు ఒక కోడి కోసిన మనిషి, ఇంకో పుంజును చంకన పెట్టుకుని, చెప్పులు బయట విడిచి మరీ భక్తిగా కంప్యూటరున్న ఏసీ గదిలోకి వచ్చాడు.

"జర సోంచాయించు చిన్నాయనా, ఇది నాజూకుది," అని ఆలోచించమన్నాడు అన్న.

"అందుకేరా కోసేది. కోడి రక్తం చూపియ్యకుంటే ఇది మనిషి రక్తం అడుగుతది కొడుకా."

కోశాడు. తల ఆయన చేతిలో ఉండగానే మొండెం ఎగిరి, గోడలమీద, కప్పుమీద, మా అన్న ఇస్త్రీ చొక్కామీద చిమ్ముకుంటూ యంత్రం వెనక జాలీమీద పడి రెక్కలు కొట్టుకుంది. లోపల చిటపటమని నిప్పు, పొగ. మా చిన్నాయన దాని ప్రాణం నిలబెట్టాలని పరుగెత్తి మెయిన్ స్విచ్చు కిందికి లాగేశాడు. మోటరు కాలుతుంటే ఎవరైనా చేసే పని అదే. యునిక్స్‌ను మాత్రం అట్లా చెప్పాపెట్టకుండా ఆర్పకూడదు, మనసులో ఉన్నదంతా డిస్కుమీద రాసుకునేదాకా ఆగాలి.

పండుగ తెల్లారి అన్న లోపలంతా తుడిచి ఆరబెట్టాక యంత్రం బూటయితే అయింది గానీ వెనక వాటా మౌంటు కానంటే కానని మొండికేసింది. బయటేమో ఖాళీ మగ్గాలు వదిలి నూలు కోసం వచ్చిన జనం. లగ్గాల చీరలు నేసే రోజులవి, అప్పుడు నూలు లేకపోతే ఆ ఇళ్ళలో పొయ్యి లేదు. ఎండ ఎక్కేసరికి మొదటి రాయి కిటికీని పగలగొట్టి నా చెవి పక్కనుంచి పోయింది. తర్వాత రాళ్ళు కావు, మనుషులే వచ్చారు. అన్న ముక్కు పగిలింది, నేను ప్రింటరుమీద బోర్లాపడితే నా వీపును జనం దండోరా వేసే డప్పుగా వాడుకున్నారు. అందరికన్నా ముందు గడ్డపారతో వచ్చింది సొంత మనిషే, మా చెల్లెను, అంటే చిన్నాయన బిడ్డను, కోడలు చేసుకున్న వియ్యంకుడు. చిన్నాయన లోపలికి చొరబడ్డవాళ్ళను బయటికి నెట్టి, కొక్కెం పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"జరుగు బావా. మా నూలు మింగిన డబ్బాను పలగ్గొట్టి తీస్త."

"నూలు దీంట్ల లేదు బావా, గోదాంల ఉన్నది."

"అయితే గోదాం తియ్యి."

"చీటీ రావాలె."

"చీటీ యాడికెళ్ళి వస్తది?"

"దీంట్లకెళ్ళే."

గడ్డపార లేచింది. లోపల మా అన్న ముక్కునుంచి కారుతున్న రక్తం కీబోర్డుమీద పడుతుండగా డిస్కును తనిఖీ చేసే హుకుం ఇచ్చాడు. వాటా నక్షా, అంటే లోపల ఏది ఎక్కడుందో చెప్పే పటం, చెడిందని యంత్రం అన్నది. అట్లాంటి నక్షాకు నకలు ఇంకోచోట దాచి ఉంటుంది, ఆ నకలుతో చూడమన్నాడు. అప్పుడది విరిగినదాన్నల్లా చూపించి, అతికించనా, తీసేయనా అని ఒక్కొక్కటే అడగడం, అన్న సరే అని మీట నొక్కడం. అక్కడ ఒక మీట, ఇక్కడ ఒక దెబ్బ. చిన్నాయన మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆయన కొక్కెం వియ్యంకుడి భుజంలో దిగడం కళ్ళారా చూశాను. ఇద్దరూ ఒకరినొకరు వదలకుండా గుమ్మంలో దొర్లుతుంటే వెనక వాటా మౌంటయింది, నా పొట్టకింద ప్రింటరు కరకరలాడుతూ చీటీ కక్కింది. ఆ చప్పుడుకు జనం ఆగిపోయారు. గోదాము తెరుచుకుంది, సాయంత్రానికి నూలంతా ఇళ్ళకు చేరింది.

వియ్యంకులిద్దరికీ దవాఖానలో పక్కపక్క మంచాలు దొరికాయనీ, మర్నాడు ఒక చెయ్యి కట్టుకట్టినవాడు ఒక భుజం కట్టుకట్టినవాడికి అరటిపండు ఒలిచి సగం పెట్టాడనీ నేను ఎన్నో పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించాను.

ఇప్పటి డిస్కులు, ఏం చేయబోతున్నాయో ముందే ఒకచోట రాసిపెట్టుకుంటాయట, కరెంటు పోయినా చాలాసార్లు తమంతట తామే సర్దుకుంటాయని మేనకోడలు చెప్పింది. మంచిదే. ఒక యంత్రం లేస్తుందా లేదా అని ఊరంతా ఒకే గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడటం ఇక లేదు, కొట్టడానికైనా పట్టడానికైనా అందేంత దగ్గరలో ఎవరూ ఉండటం లేదు. దీనికి సంతోషించాలో విచారించాలో నాకింకా తేలలేదు.

ఇక కల్పించింది ఏదంటారా? కోడి నిజం, గడ్డపార నిజం, కొక్కెమూ నిజమే. అరటిపండు నాది. వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. మా చెల్లె పుట్టింటి గడప తొక్కింది చిన్నాయన పోయినరోజే, అదీ ఒక్కతే వచ్చింది.