వేడికి వచ్చిన గిరాకి

అమీర్‌పేటలోని మా లేడీస్ హాస్టల్లో వంట చేసే అక్కకు పదో తరగతిలో సైన్సు ఒక్కటే మిగిలింది. రెండుసార్లు తప్పింది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రివాళ్లు ఆయా ఉద్యోగం ఇస్తామన్నారు గాని, పది పాసైన కాగితం చూపాలన్నారు. కళాశాల డిబేట్ పోటీల్లో తిరిగే నేను పాఠం చెప్పే బాధ్యత నెత్తిన వేసుకున్నాను.

"వేడిని బయటకు వదిలేది ఉష్ణమోచక చర్య. బయటి నుంచి వేడిని తీసుకునేది ఉష్ణగ్రాహక చర్య. అంతే అక్కా."

పప్పుకు తాలింపు వేస్తూ ఆమె నా వైపు తిరిగింది. "వేడి వదిలితే సల్లబడాలె గదా? దించిన గిన్నె గట్లనే సల్లబడ్తది. మరి మోచకమంటే వేడెక్కుతదని రాసిండ్రేంది?"

నిర్వచనాన్నే మరింత గట్టిగా వల్లించాను. అది జవాబు కాదని అప్పుడే తెలుసు. ఎదుటివారి ప్రశ్నను గౌరవించాలని వేదికల మీద చెప్పే నేను, పొయ్యి దగ్గర గొంతు పెంచి గెలవబోయాను. "గట్ల ఒర్రకు" అంది అక్క. సిగ్గేసింది. "నాకూ సరిగ్గా తెలియదక్కా, చూద్దాం" అన్నాను.

ఆమె జిడ్డుగిన్నెలో వంటసోడా వేసి, కాసిని నీళ్లు పోసి నిమ్మకాయ పిండింది. రోజూ చేసే పనే. నురగ పొంగింది. గిన్నె పట్టుకున్న నా వేళ్లకు చల్లదనం తగిలింది.

అప్పుడు నాకూ తెలిసివచ్చింది. నీళ్ల నుంచి, గిన్నె నుంచి, నా వేళ్ల నుంచి తీసుకున్న వేడి కొత్త పదార్థాలు ఏర్పడటానికి ఖర్చవుతోంది. పొయ్యి మీద జరిగేది దీనికి తలకిందులు: గ్యాసులో దాగిన శక్తి మంటలో వేడిగా బయటపడి చుట్టూ ఉన్నదాన్ని కాగబెడుతుంది. పొయ్యి మీంచి దించిన గిన్నె మాత్రం తనలో ముందే ఉన్న వేడిని పోగొట్టుకుంటుంది, అంతే. అదే అక్కకు చెప్పాను.

"గ్రాహకమంటే గిరాకి అన్నట్టు! వేడి కొనుక్కపోతడు, దుకాణం ఖాళీ అయితది" అంది అక్క. "నువ్వు సుత గిరాకివే. సలికాలమంత నా పొయ్యి కాడ్నే కూసుంటవ్."

పరీక్ష రాసి వచ్చి, "ఉష్ణగ్రాహకం అడిగిండ్రు, గిరాకి అనే రాసిన" అంది.

"పరీక్షలో అలా రాస్తారా అక్కా?"

"తప్పేంది, చెప్పు."

ఆ జవాబుకు ఎన్ని మార్కులు వేశారో తెలియదు గాని, ఆమె పాసైంది.

ఇప్పుడు పంజాగుట్ట వైపు వెళ్తే, ఆసుపత్రి గేటు దగ్గర యూనిఫాం చీరలో నిలబడి నలుగురూ వినేలా పిలుస్తుంది: "ఏం గిరాకి, ఇయ్యాల ఎవలి మీద ఒర్రినవ్?"