మిర్యాలగూడ మిల్లుల నా చెయ్యి చేసిన నిర్వాకం

మొన్న మిర్యాలగూడల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, ఇనుండ్రి. తీసింది ఇంకెవరో కాదు, నా చెయ్యే!

మీకు ఎరికే గదా, సూర్యాపేటల మాది తాతల కాలం నుంచి బియ్యం దుకాణం. గుప్పెడు బియ్యం తీస్కొని అరచేతుల పరిచి సూస్తే సాలు, పాతయా కొత్తయా, నూక ఎంత, నల్లగింజలెన్ని, అన్నీ చెప్పేస్త. సూసుడు అయినంక ఎదురుంగున్న కుప్పల ఇసిరేస్త. ముప్పై ఏండ్ల అలవాటు.

మా బిడ్డ శ్రావ్య ఈసారి టెన్త్ పాసైంది. పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేస్తనని ఒకటే పట్టు. నేనేమో "ఇంటర్ల సీఈసీ తీస్కో, రేపు దుకాణం నీదే" అన్న. "గల్లా మీద కూసునుడు నాతోని కాదు నాన్నా, నాకు మిషన్లు కావాలె" అన్నది. వెబ్ ఆప్షన్స్‌కు ఒక్కరోజే ఉన్నది. మూడు రోజుల సంది పిల్ల నాతోని సక్కగ మాట్లాడుతనే లేదు.

ఇగ నాకో తెలివి పుట్టింది. మా బావకు మిర్యాలగూడల రైస్ మిల్లు ఉన్నది. ఆ దుమ్ము, ఆ సప్పుడు, ఆ ఉక్క సూస్తే మిషన్ల పిచ్చి దానంతటదే దిగుతదని పొద్దుగాల్నే బస్సెక్కిచ్చిన.

మిల్లుల కలర్ సార్టర్ అని ఒక మిషన్ ఉంటది, బియ్యంల నల్లగింజలు ఏరేది. దాని ఆపరేటర్ సుబ్బారావుది కోదాడ అవతల. "రామ్మా, ఈ అద్దంలోంచి చూడు" అన్నడు. శ్రావ్యతో పాటు నేను గూడ ఒంగి సూసిన.

అబ్బబ్బా! తెల్లటి లైట్ల బియ్యం తెర లెక్క జారుతున్నది. కెమెరా సూస్తది, టక్కుమని గాలి కొడ్తది, ఒక్క నల్లగింజ మాత్రం పక్కకు ఎగిరిపోతది. పక్కన మంచిగింజ కదల్లేదు! నాకు రోమాలు నిక్కబొడుసుకున్నయి. ఇన్నేండ్లు బియ్యం అమ్మిన గని గిసొంటిది ఎన్నడు సూడలె.

గని బిడ్డ ముందట ఒప్పుకుంటనా? ఏరిన నల్లగింజలు వడే రిజెక్ట్ డబ్బలకెల్లి గుప్పెడు తీసిన. "సూడు, మంచి గింజలు గూడ పారేస్తున్నది. మంచి బియ్యంల నల్లగింజలు దొరికితే సీఈసీ, దొరకకపోతే నీ ఇష్టం" అన్న.

"మాట మీదుంటవా?"

"దుకాణపోని మాట!"

అట్ల మాట్లాడుకుంటనే పక్కన మంచి బియ్యం తొట్టి కాడికొచ్చి గుప్పెడు తీస్తే, ఏమున్నది! ఆరేడు నల్లగింజలు! "దొరికినయ్!" అని ఎగిరిన. సుబ్బారావు మొఖం పాలిపోయింది. "అయ్యో, పొద్దుట్నుంచి వచ్చిన బస్తాలన్నీ మళ్లీ పొయ్యాలండీ!" అనుకుంట మిషన్ బంద్ పెట్టిండు. బావ ఉరికొచ్చిండు. శ్రావ్య కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

గని పిల్ల ఊకోలె. తొట్టిల మోచెయ్యి దాక చెయ్యి పెట్టి అడుగుకెల్లి బియ్యం తీసింది. ఒక్క నల్లగింజ లేదు. ఇంకో మూలకెల్లి తీసింది, గాడ గూడ లేదు. "అంకుల్, పైపైనే ఉన్నయ్" అన్నది. జర సేపు నా దిక్కు సూసి, "నాన్నా, ఆ రిజెక్ట్ డబ్బలకెల్లి ఒక గుప్పెడు తీసి సూసి చెప్పు, ఎట్లున్నయో" అన్నది.

అడిగిందే సాలని తీసిన, అరచేతుల పరిచిన, "నూక ఎక్కువున్నది, నల్లగింజ..." అని చెప్పిన. చెప్పుడు అయిందో లేదో, నా చెయ్యి దానంతటదే లేసి ఆ గుప్పెడును ఎదురుంగున్న మంచి బియ్యం తొట్టిలకే ఇసిరేసింది! అందరి కండ్ల ముందట!

బావ నవ్వి నవ్వి బస్తా మీద కూలవడ్డడు. "సార్, మీరా!" అన్నడు సుబ్బారావు. ఇందాక దొరికిన నల్లగింజలు గూడ నా చెయ్యి ఇసిరినయే! పదిహేనేండ్ల పిల్ల, మిషన్‌ను ఇప్పకుండనే తప్పు యాడున్నదో పట్టింది సూడుండ్రి! మిషన్ కన్నా ఎక్కువ నా బిడ్డను సూసే బీరిపోయిన.

"ఫోన్ తియ్యి బిడ్డా, ఎలక్ట్రానిక్సే ఫస్ట్ ఆప్షన్ పెట్టు" అన్న. పెట్టింది. మూడు రోజుల సంది సక్కగ మాట్లాడని పిల్ల నన్ను సూసి నవ్వింది.

సుబ్బారావు మిషన్ మళ్ల షురూ చేసిండు. "రా నాన్నా, ఇంకోసారి సూద్దాం" అని పిలిచింది. నేను దగ్గరికి పోతనా? ఆ మిల్లుల అసలు నల్లగింజ ఎవరో ఆ మిషన్‌కు తెలిసిందంటే, ఒక్క గాలి కొడితే సూర్యాపేటల వడ్త!