జాబితాలో మామ పేరు

మా మామకు పెళ్ళాం బిడ్డల కంటే తాటిచెట్లే ఎక్కువని మా అమ్మ దెప్పేది. అమ్మకు తమ్ముడాయన. బోగోలుకు తూర్పున, సముద్రం దగ్గర మా ఊరు. ఆ ఇసక నేలలో తాటిచెట్లకు కరువు లేదు. మద్యనిషేధం రోజులవి, కల్లు గీస్తే కేసు. అయితే కుండ లోపల సున్నం పూసి చెట్టుకు కడితే దిగిన నీరు పులవదు, తియ్యగా ఉంటుంది. దాన్ని కాచి బెల్లం చేసుకోవడానికి సర్కారు లైసెన్సు ఇచ్చేది. మామ చెట్లు గీసేవాడు, అమ్మా అత్తా కాచేవాళ్ళు. ఆ బెల్లంతోనే మామ ఇల్లు గడిచేది.

ఒక ఏడు కాలం కాని కాలంలో వాన పడి ఒక కుండలో సున్నం కొట్టుకుపోయింది. తెల్లారి తనిఖీకి వచ్చినవాళ్ళకు సరిగ్గా ఆ కుండే దొరికింది. వాసన చూసి కల్లన్నారు, కేసు పెట్టారు. కోర్టులో కాదని వాదిస్తే వాయిదాల మీద వాయిదాలు. ఒప్పుకుంటే జరిమానా కట్టి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. తాటిగెల మొనను పూటపూటా చెక్కకపోతే ధార ఆగిపోతుంది, ఇక ఆ గెల దండగే. మామ మనసంతా అక్కడే ఉంది. చెయ్యని తప్పు చేశానని ఒప్పుకుని, పరుగున వచ్చి చెట్టెక్కాడు. చెట్లు గీసేవాడు తప్ప ఇంకెవడూ అంత తెలివితక్కువ పని చెయ్యడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మరుసటి ఏడు లైసెన్సు అడిగితే లేదన్నారు. శిక్ష పడినవాడికి ఇవ్వరట. పైగా స్టేషనులో పాత నేరస్తుల జాబితాలో మామ పేరెక్కింది. అది పోతే తప్ప లైసెన్సు రాదు. అంతదాకా మా నాన్న పేరు మీద తీసుకున్నారు. నాన్న వరి పండించుకునే రైతు, నిచ్చెనెక్కితేనే కళ్ళు తిరిగే మనిషి. ఏటా ఆఫీసులో జవాను ఆయన పేరు పిలిచేవాడు. ఆయన లేచి వెళ్ళి కాగితం తెచ్చి మామ చేతిలో పెట్టేవాడు. ఆ పూట మామకు అన్నం సయించేది కాదు.

"బావ పేరుతో బతకతా ఉండా అక్కా," అన్నాడొకసారి.

అమ్మ ఆయన పళ్ళెంలో ఇంకాస్త చేపల పులుసు పోసింది.

పేరు పోవడానికి ఎంతకాలం పడుతుందని మామ అడగని మనిషి లేడు. ప్లీడరు గుమాస్తా మూడేళ్ళన్నాడు. హెడ్డు కానిస్టేబులు అయిదేళ్ళన్నాడు, అదీ మధ్యలో ఏ గొడవా లేకుండా ఉంటే. గొడవ లేకుండా ఎట్లా ఉంటుంది? చుట్టుపక్కల కోడి పోయినా, వల పోయినా మామను పిలిపించేవాళ్ళు. పిలిపించిన సంగతి రాసుకునేవాళ్ళు. రాసుకున్నారు కాబట్టి లెక్క మళ్ళీ మొదటికొచ్చేది. ఎస్సై బదిలీ అయితే కొత్తాయన తన లెక్క తాను మొదలుపెట్టేవాడు. మా అత్త స్టేషను వైపు తిరిగి మెటికలు విరిచేది.

మామకు మాత్రం చెట్ల ధ్యాసే. పోలీసులు ఏ మధ్యాహ్నమో వచ్చి పిలుచుకుపోతే సాయంత్రం గీతకు అందడు. అందుకని ఊళ్ళో ఏదన్నా పోయిందని తెలిస్తే చాలు, పొద్దుటి గీత ముగించుకుని, స్నానం చేసి, చలవ చొక్కా తొడుక్కుని తానే స్టేషనుకు పోయి అరుగు మీద కూర్చునేవాడు. పెళ్ళికొడుకు బయల్దేరాడని అత్త ఏడిపించేది. మేం పిల్లలం కడుపుబ్బ నవ్వేవాళ్ళం.

ఒకసారి ఎవరివో పడవ తెడ్లు పోయినప్పుడు మామ అట్లాగే పోయి కూర్చున్నాడు. అప్పుడే కొత్తగా వచ్చిన ఎస్సై ఆయన్ను చూసి ఎందుకొచ్చావని అడిగాడట.

"తెడ్లు పోయినాయంట సార్. ఎట్టాగూ పిలిపిస్తారు గదా. బిన్నా, ఇప్పుడే అడిగేస్తే పోతా, సాయంత్రం చెట్టెక్కాల," అన్నాడట మామ.

ఎస్సై నవ్వబోయి ఆగిపోయాడట. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, కేసు సంగతి మొదట్నించీ చెప్పించుకున్నాడు. తరవాత ఊరికొచ్చి మునసబునూ, నలుగురు పెద్దలనూ విచారించాడు. అత్త ఇచ్చిన బెల్లం ముక్క వద్దనకుండా నోట్లో వేసుకున్నాడు. పై ఆఫీసరుకు రాసి పేరు తీయించాడు. అన్నేళ్ళలో అసలేం జరిగిందని మామను అడిగినవాడు ఆయనొక్కడే. ఆ మహానుభావుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆ ఏడు లైసెన్సులిచ్చే రోజున పట్టుబట్టి నేనూ వెంట వెళ్ళాను. ఆఫీసు వరండాలో మామ, నాన్న పక్కపక్కనే కూర్చున్నారు. జవాను ఒక్కో పేరూ పిలుస్తూ మామ పేరు పిలిచాడు. మామ కదల్లేదు. అలవాటు చొప్పున నాన్న వైపు చూశాడు, ఆయన లేస్తాడని. జవాను విసుక్కుంటూ మళ్ళీ పిలిచాడు.

నాన్న మామ భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ పేరేరా. లెయ్యి," అన్నాడు.

మామ లేచి అక్కడే నిలబడ్డాడు. నాన్నే ఆయన చెయ్యి పట్టుకుని బల్ల దాకా నడిపించుకుపోయాడు.