ఆదివారపు తరగతుల కోసం ఒక శుక్రవారం

1984 జూన్ నెలలో ఒక శుక్రవారం ఉదయం 8.10కి కూర్మన్నపాలెం కూడలిలో సిటీ బస్సు ఎక్కాము. నగరంలోని బస్సుల కాంప్లెక్సుకు సుమారు ఇరవై రెండు కిలోమీటర్లు. మనిషికి టికెట్టు రెండుంబావు. ఉక్కు కర్మాగారం కడుతున్నచోట సబ్‌స్టేషన్ ఆపరేటరుగా నాది షిఫ్టు ఉద్యోగం. నా భార్య పార్వతి ఆసుపత్రిలో నర్సు. ఇద్దరి సెలవూ కలిసేది శుక్రవారం ఒక్కటే. మధ్యాహ్నం ఎదురెదురుగా కూర్చుని భోజనం చేసేదీ ఆనాడే. ఈసారి ఆ సెలవును దూరవిద్యలో డిగ్రీ కోర్సు ఎంచుకోవడానికి కేటాయించాము.

పదోన్నతికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. షిఫ్టులు వదిలించుకుని టెస్టింగ్ లేబరేటరీకి మారాలంటే మాత్రం ఫిజిక్సుతో బి.ఎస్సీ. ఉండాలి. నాకు కావలసింది అదే.

గాజువాకలో లారీలు అడ్డంపడి పావుగంట ఆగాము. ఖాళీ తట్టతో జాలరిపేటకు తిరిగి వెళుతున్న ఒకావిడ నా చేతిలోని ప్రాస్పెక్టసు చూసింది.

"ఈ వయసులో సదువేటి బాబూ? పిల్లలు నవ్వరేటి?"

"మాకింకా పిల్లల్నేరు పిన్నీ. ఆలొచ్చి నవ్వేలోగా ఈయన పాసైపోతారు," అంది పార్వతి.

9.40కి స్టడీ సెంటరు చేరాము. గుమస్తా ఓపికగా వివరించాడు. బి.కాం. పాఠాలు పోస్టులో వస్తాయి, ఇంట్లోనే చదువుకోవచ్చు. బి.ఎస్సీ.కి ప్రతి ఆదివారం ప్రయోగ తరగతులుంటాయి, హాజరు తప్పనిసరి. దరఖాస్తు సోమవారంలోగా పోస్టులో అందినా చాలు. ఆదివారాలు నాకు డ్యూటీ కాబట్టి కోర్సు గడి ఖాళీగా ఉంచి, ఇడ్లీ కాఫీలు ముగించుకుని 12.20 బస్సు పట్టుకున్నాము.

అందులో గఫూర్ కనిపించాడు. నగరంలో పాతపట్నంవాడు, మా సబ్‌స్టేషన్‌లోనే ఆపరేటరు. రెండు గంటల షిఫ్టుకు వస్తున్నాడు.

"ఈ వారం కూడా జుమ్మా నమాజు పోనాది బావా," అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నపు ప్రార్థన అది; అతని వారపు సెలవేమో ఆదివారం. ఇద్దరు ఒప్పుకుని సంతకాలు పెడితే సెలవులు మార్చుకోవడం మా విభాగంలో మామూలే.

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకడగలేదు?"

గఫూర్ పార్వతి వైపు చూశాడు. "ఎలాగడుగుతాను బావా? మీ ఇద్దరికీ కలిసే సెలవదొక్కటే గదా. సెల్లెమ్మ నన్ను తిట్టదేటి?"

ఇది నేనొక్కణ్ణే తేల్చవలసిన విషయం కాదు. దరఖాస్తు పార్వతి ఒళ్ళో పెట్టాను. ఆమె ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

"ఆ లేబరేటరీ ఉద్యోగమొస్తే నైట్ డ్యూటీలుండవు గదండీ?"

"ఉండవు. పగలే."

"అయితే మూడేళ్ళు సూత్తాను. అన్నియ్యా, శుక్రవారం నువ్వే తీసుకో. పండక్కి మాత్రం బిరియానీ పంపాల."

"గిన్నేటి సెల్లెమ్మా, డేగిసాయే పంపుతాను!"

కుదుపులకు అక్షరం వంకరపోకుండా, గాజువాకలో బస్సు ఆగినప్పుడు గడిలో బి.ఎస్సీ. అని రాశాను. 1.30కి దిగాము. రెండింటికి ఎదురెదురుగా భోజనానికి కూర్చున్నాము.

ఇదే దారిలో వెళ్ళదలచిన షిఫ్టు ఉద్యోగులు తమ సెలవు ఎవరితో మారుతుందో ముందుగా కనుక్కోవడం మంచిది. మా ఖర్చు: బస్సు తొమ్మిది రూపాయలు, దరఖాస్తు పది, ఫలహారం నాలుగున్నర, రిజిస్టరు పోస్టు మూడు, మొత్తం ఇరవై ఆరున్నర. నష్టం: మూడేళ్ళ శుక్రవారాలు. వాటిలో సగం పార్వతివి.