ఇంగా కుచ్చోలేదప్పా!

బాలానగర్‌లో లారీల షెడ్డు నడిపే ఓబులేసుకు ఒకే ఒక్క జబ్బుంది. బాగుపడిన బండిని బాగుపడిందని ఆయన చచ్చినా ఒప్పుకోడు. ఎవరు ఎప్పుడడిగినా ఒకటే మాట: "ఇంగా కుచ్చోలేదప్పా."

ఆయనది జమ్మలమడుగు వైపు, నాది తెనాలి. ఆయన షెడ్డుకు సరిగ్గా ఎదురుగా నా లారీ స్పేర్ పార్టుల కొట్టు. నా దగ్గర పొద్దున పట్టుకెళ్లిన గేరును సాయంత్రానికి వెనక్కి తెచ్చి, "విశ్వేశ్వరరావప్పా, ఇది కుచ్చోలేదు, ఇంగొకటియ్యి" అంటాడు. నా కొట్లోంచి పోయిన సామాను కంటే తిరిగొచ్చిన సామాను ఎక్కువగా ఉండడం ఎలా సాధ్యమో నాకు ఈనాటికీ తెలీదు. అయినా ఆ మనిషంటే నాకు చాలా ఇష్టం. ఈ మాట ఆయనకెప్పుడూ చెప్పలేదు. చెబితే అది కూడా కుచ్చోలేదంటాడు.

ఆయన యాసలో కుచ్చోవడమంటే కూర్చోవడం; అలా కుచ్చోవలసినదేమిటో చెప్పాలి. లారీ వెనక ఇరుసులో క్రౌన్ అనీ పినియన్ అనీ రెండు గేర్లుంటాయి. ఇంజను బలమంతా ఆ రెండింటి పళ్ల మీదుగానే చక్రాలకు చేరుతుంది. పన్ను పంటికి నడిమధ్యలో తగలాలి. అంచున తగిలితే బరువంతా ఆ అంచు మీదే పడి, ఎప్పుడో ఒకప్పుడు చిన్న ముక్క విరుగుతుంది. ఆ ముక్క లోపలే తిరుగుతూ మిగతా పళ్లను నమిలేస్తుంది. కాంక్రీటు నింపుకున్న మిక్సర్ లారీ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఆ నమలడం పూర్తయితే, ఇంజను ఎంత అరిచినా చక్రం తిరగదు. బండి వెనక్కి జారుతుంది. వెనక ఆఫీసులకు పోయే కార్లుంటాయి. అందుకని ఓబులేసు పళ్లకు నీలిరంగు పేస్టు రాసి, చేత్తో తిప్పి చూస్తాడు. అచ్చు పంటి మధ్యలో పడితే కుచ్చున్నట్టు. వెంట్రుకవాసి పక్కకు పోతే మొత్తం విప్పి మళ్లీ మొదలు. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. మిగతా ప్రపంచానికి కూడా ఆయన ఆ పేస్టు రాయడం మీదే నా అభ్యంతరం.

ఒకరోజు ఆయన భార్య కమలమ్మ కుక్కరు పట్టుకుని నేరుగా షెడ్డుకు వచ్చేసింది.

"మూతకు నీలం ఎవరు రాసినారు?"

"నేనే. మూత సరిగ్గా కుచ్చోలేదు."

"నీకెవరు చెప్పినారు?"

"ఈల చెప్పింది. శానా సన్నంగా కూస్తాంది."

"కుక్కరు ఈల సన్నంగా కూయక మగగొంతుతో కూస్తాదా?"

ఓబులేసు ఈ ప్రశ్న గురించి నిజంగానే ఆలోచించాడు. ఆ పూట వాళ్లింట్లో పప్పు నీలంగా ఉడికింది. దయతలచి నాకూ ఒక గిన్నెడు పంపారు. రుచి బాగానే ఉంది.

ఇంకోసారి మిక్సర్ లారీల ఒప్పందం కోసం ఇద్దరం మాదాపూర్‌లో ఒక అద్దాల భవనానికి వెళ్లాం. ఒక నిర్మాణ కంపెనీ తమ లారీలన్నీ ఆయన షెడ్డుకు, సామాను ఆర్డరు నా కొట్టుకు ఇస్తామంది. గుమ్మంలో గుండ్రంగా తిరిగే తలుపుంది. ఓబులేసు అందులో దూరాడు. లోపలికీ వెళ్లలేదు, బయటికీ రాలేదు, తిరుగుతూనే ఉన్నాడు.

"ఓబులేసూ, దిగవయ్యా!"

"ఒక రెక్క కింద రాసుకుంటాందప్పా. ఉండు." జేబులోంచి నీలం డబ్బా తీశాడు.

సెక్యూరిటీ మనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఏంది పెద్దాయనా, గిదేం పూస్తున్నవ్?"

"కాంటాక్టు చూస్తాండా."

"ఎవ్వరి కాంటాక్టు? లోపలెవరు మీకు?"

ఆ తలుపులో ఏ లోపమూ లేదని తర్వాత తేలింది. లోపలికి వెళ్లాక లారీల మేనేజరు వెంకటనారాయణ ఓబులేసుతో కరచాలనం చేశాడు. ఆయనది భీమవరం. తెల్లచొక్కా మనిషి. ఒప్పందం మీద ఆయన సంతకం పక్కన నీలం వేలిముద్ర కూడా పడింది. ఒప్పందం మాత్రం మాకే వచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, గుమ్మం దగ్గరి గేరు ఒక ఎత్తు. షెడ్డు గుమ్మానికి ఓబులేసు పాత క్రౌన్ ఒకటి గొలుసుతో వేలాడదీశాడు. బాగుచేసిన గేర్లను బండికి ఎక్కించే ముందు డ్రైవరు అక్కడికి రావాలి. అతని బొటనవేలికి ఓబులేసు నీలం రాస్తాడు. వేలాడే గేరు పంటి నడిమధ్యలో డ్రైవరు ఆ వేలు నొక్కాలి. ఓబులేసు ముద్రను వంగి చూసి, గుడ్డతో తుడిచేసి, ఒక్కోసారి "సరే, ఎక్కిస్తాం" అంటాడు, ఒక్కోసారి "ఇంగా కుచ్చోలేదప్పా, రేపు రాపో" అంటాడు. ఎందుకని అడిగితే, "మా షెడ్డు ఆచారం" అనేవాడు.

ఆయన చేతిమీదుగా పోయిన బండి దారిలో ఆగిందని ఎవరూ విని ఎరగరు. దాంతో ఆ మహిమ గేరుదేనని బాలానగర్ తీర్మానించింది. పక్క షెడ్డువాళ్లు గేరు కట్టారు. ఆ పక్క లేతు మిషనువాళ్లు కట్టారు. గేర్లతో ఏ సంబంధమూ లేని టైర్ల కొట్టాయన కూడా ఒకటి కొని కట్టి, పసుపు రాశాడు. నేనూ తక్కువ తినలేదు. కొట్టు ముందు ఒకటి వేలాడదీసి, నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి, రోజూ షట్టరు ఎత్తగానే బొటనవేలు నొక్కి దండం పెట్టుకునేవాణ్ణి. ఓబులేసు అటువైపు నుంచి చూసి, మళ్లీ తన గేర్ల మీదికి వంగేవాడు.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం వెంకటనారాయణ నాకు ఫోను చేశాడు.

"ఏవండీ విశ్వేశ్వరరావుగారూ, నానక్‌రామ్‌గూడలో స్లాబు పోత నడుస్తోందండీ. మధ్యలో ఆపడానికి లేదు. మీ ఓబులేసుగారి దగ్గరున్న బండి ఇవాళ రాకపోతే మా బళ్లన్నీ వేరే షెడ్డుకి మార్చేస్తానండీ. ఆ చాదస్తం భరించలేకపోతున్నాం."

ఆ లారీలు పోతే ఓబులేసు షెడ్డు సగం ఖాళీ. నా కొట్టూ అంతే. రోడ్డు దాటి పరుగెత్తాను.

అక్కడ ఆ బండి డ్రైవరు శ్రీను గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నిలబడి అనడం మర్యాదకు. స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "అన్నా, జర జల్ది చెయ్యే. సారు ఫోన్ మీద ఫోన్ కొడుతుండు" అన్నాడు.

ఓబులేసు అతని వేలికి నీలం రాశాడు. శ్రీను గేరు వైపు చెయ్యి చాచాడు. వేలు పంటి మీద పడలేదు. రెండు పళ్ల సందులో పడింది. మళ్లీ పెట్టాడు, గొలుసు మీద పడింది.

"ఇంగా కుచ్చోలేదప్పా," అన్నాడు ఓబులేసు. "ఆ మంచం మీద పడుకో."

"సారుకేం జెప్పాలె?"

"నేను చెప్తా గదా."

శ్రీను నవారు మంచం మీద ఒరిగాడు. ఒక చెప్పు విప్పాడు. రెండోది విప్పేలోపే గురక మొదలైంది. స్లాబు మొదలైనప్పటి నుంచి ఇంకో బండి మీద అతన్ని పగలూ రాత్రీ తిప్పుతూనే ఉన్నారట.

నేను బెంచీ దగ్గరికి వెళ్లాను. అతని బండి క్రౌన్ పినియన్ జత అక్కడే ఉంది. నీలం అచ్చు పంటి మధ్యలో, ముగ్గుచుక్క పెట్టినంత శుభ్రంగా పడి ఉంది. ఇన్నేళ్లు గేర్లమ్ముకుని బతికినవాణ్ణి, ఆమాత్రం తెలీదా?

"ఓబులేసూ! ఇది కుచ్చుంది కదయ్యా!"

ఆయన వచ్చి చూశాడు. మంచం వైపు చూశాడు. తర్వాత స్పానరు తీసుకుని, పొద్దుటి నుంచి చెమటోడ్చి బిగించిన, పళ్లను కుదిర్చే పక్క నట్టును తాపీగా వదులు చేశాడు.

"అయ్యో, ఏం చేస్తున్నావు?"

"కుచ్చోలేదని చెప్పినా గదా," అన్నాడు. "మాట అబద్ధం కాగూడదప్పా."

నాకప్పుడు వెలిగింది. ఇన్నాళ్లూ కుచ్చోనిది గేరు కాదు, డ్రైవర్లు. గుమ్మంలో ఉన్నది ఆచారం కాదు. చెయ్యి తూలే మనిషి చేతికి బండి ఇవ్వకుండా ఆపే పరీక్ష. నేను దానికి నిమ్మకాయలు గుచ్చాను.

అంతలో కారు వచ్చి ఆగింది. వెంకటనారాయణ దిగాడు.

"నేను నమ్మనండీ. ఏదీ, గేరు చూపించండి."

ఓబులేసు నీలం రాసి, తిప్పి చూపించాడు. అచ్చు అంచున పడింది.

"ఇట్లనే ఎక్కించమంటావా?"

వెంకటనారాయణకు కోపం వచ్చింది. దాన్ని మంచం వైపు తిప్పాడు. "వీడు నిద్రపోతున్నాడేంటండీ! శ్రీనూ! లేవయ్యా!"

శ్రీను లేవలేదు. నాకు ఉండబట్టలేదు. "సార్, లేపే ముందు ఒక్కసారి మీరా గుమ్మం దగ్గర వేలు పెట్టండి. ఈ షెడ్డు ఆచారం" అన్నాను.

"ఇప్పుడా? ఏంటండీ ఈ పిచ్చి?" అంటూనే వేలు చాచాడు. తొందరగా వదిలించుకుందామని కాబోలు. ఓబులేసు నీలం రాశాడు. వెంకటనారాయణ గురిచూసి నొక్కాడు. వేలు గేరుకు తగలనే లేదు. పక్కనున్న నా చొక్కా మీద పడింది.

వెంకటనారాయణ తన వేలును చూసుకున్నాడు. మంచం మీద ఒంటి చెప్పుతో పడుకున్న శ్రీనును చూశాడు. ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. అప్పుడే ఆయన ఫోను మోగింది.

"చెప్పండి సార్... లేదండీ, ఈ బండి రాదండీ. ప్లాంటు నుంచి ఇంకోటి పంపిస్తానండీ." గొంతు సవరించుకుని, ఓబులేసు వైపు చూస్తూ గంభీరంగా అన్నాడు: "ఇంకా కూర్చోలేదండీ."

ఫోను జేబులో పెట్టి, రెండు నిమిషాలు కూర్చుంటానని షెడ్డులోని పాత లారీ సీటు మీద వాలాడు. అంతే. ఓబులేసు కంప్రెసరు ఆపించి, ఫ్యాను ఆయన వైపు తిప్పాడు. తర్వాత బెంచీ దగ్గరికి వెళ్లి, వదులు చేసిన నట్టును చప్పుడు లేకుండా మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు.

"లేచే టయానికి కుచ్చోవాల గదప్పా," అన్నాడు గుసగుసగా.

నా గుండె నిండిపోయింది. ఇన్నేళ్లుగా ఈ మనిషి వెనక్కి పంపిన నా గేర్లన్నీ గుర్తొచ్చాయి. ఎంతమంది డ్రైవర్లను నిద్రపుచ్చాయో కదా, నాకు తెలియకుండా నేను కూడా పుణ్యం కట్టుకున్నాను కదా అనిపించి, ఆయన పక్కకు వెళ్లి మెల్లగా అడిగాను.

"అయితే ఓబులేసూ, నాకు తిప్పి పంపిన గేర్లన్నీ ఇందుకేనన్నమాట?"

ఆయన స్పానరు ఆపి, నా మొహంలోకి జాలిగా చూశాడు.

"కాదప్పా," అన్నాడు. "అవి నిజంగానే బాగలేవు."