పైకప్పు కొట్టి వినే మనిషి

మా పెద్దనాయిన పోయాడని ఆదివారం పొద్దున అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. నేను గోదావరిఖని చేరేసరికి బొగ్గుగనిలో ఆయనతో పనిచేసినవాళ్ళంతా వాకిట్లో నిలబడి ఉన్నారు.

ఆయన బొగ్గుబాయిలో టింబర్‌మ్యాన్. తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలిపేవాడు. ముందు కట్టెతో కప్పును కొట్టి వినాలి. గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల పొరలు వీడి ఉంటే డొల్లగా పలుకుతుంది. ఒకసారి ఎవరో తొందరపెడితే వినకుండానే ముందుకు వెళ్ళాడు. కప్పు కూలి కాలు విరిగింది. అప్పటినుంచి ఆ కాలిలో ఇనుపకడ్డీ. "ధైర్యం జూసుకోని పోయినోడు కప్పు కింద ఉన్నడు. చెవి నమ్మినోడు ఇంటికొచ్చిండు" అనేవాడు. ఇంట్లోనూ అంతే. కుండ, పుచ్చకాయ, మా క్వార్టర్ గోడ, ఏదైనా వేలికణుపుతో కొట్టి చెవి వంచేవాడు. మేము నవ్వేవాళ్ళం.

నాకు పదహారేళ్ళప్పుడు, నెలనెలా పెరుగుతూ వచ్చిన నొప్పితో ఒక ఎండాకాలం లేచి నిలబడలేకపోయాను. కాన్వెంట్‌లో ఆ నొప్పి పేరు పైకి అనేవాళ్ళం కాదు. ఇంట్లో కూడా కడుపునొప్పి అనే చెప్పాను. మామూలు స్కానింగ్‌లో పొత్తికడుపులో పెద్ద గడ్డ కనిపించింది. అదేమిటో తేలడం లేదని, కోసి తీసేయాలని, గర్భసంచి కూడా పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. హైదరాబాదులో ఎమ్మారై తీయిస్తే స్పష్టంగా తెలుస్తుంది, కానీ అప్పటిదాకా గడ్డ పగలకుండా ఆగుతుందని చెప్పలేనంది.

నాన్న డ్యూటీలో ఉంటే పెద్దనాయిన మాతో వచ్చాడు. సంతకం పెట్టడానికి అమ్మ కలం అడిగింది.

"జర ఆగు" అని అమ్మను ఆపి, పెద్దనాయిన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మేం కప్పు కొట్టి సూడంది బొగ్గు మీద చెయ్యెయ్యం. లోపలేమున్నదో సూడకుంట ఎట్ల కోస్తరు?"

"ఎన్నొద్దులు సూస్తం బావా? పిల్ల నొప్పికి సస్తాంది."

"సంతకం రేపైనా పెట్టొచ్చు. లోపలిది తీసినంక మల్ల పెట్టరాదు."

"ఏమన్న అయితే పాపం నీదే."

"నాదే."

నాన్న తన అన్న మాట కాదనలేదు. ఎమ్మారైకి నాలుగు రోజుల తర్వాత పిలిచారు. ఆ నాలుగు రోజులూ నేను మూలిగినప్పుడల్లా అమ్మ ఆయన ముఖం చూసేది. రామగుండంలో రైలెక్కాక, బోగీ కుదిపినప్పుడల్లా నేను పొట్ట పట్టుకున్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

స్కానింగ్ గదిలోకి లోహం ఏదీ తేకూడదన్నారు. అమ్మ పుస్తెలు తీయనంది. లోపల తోడు తానుంటానని ఆయన లేచాడు. కాలిలో కడ్డీ ఉందని వాళ్ళు ఒప్పుకోలేదు. నా కాళ్ళ పట్టీలు విప్పి ఆయనకే ఇచ్చాను.

"బాయిల దిగేటప్పుడు మా బీడీలు, అగ్గిపెట్టె గుంజుకుంటరు. నీయి పట్టీలు గుంజుకున్నరు, గంతే" అన్నాడు. "ఆ మిషిని కొడ్తది బిడ్డా. కొట్టుకుంట వింటది. నువ్వు కదిలితే దానికి వినరాదు."

లోపల కప్పు నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. మోత మొదలైంది. గబగబా, ఆగి, మళ్ళీ. నేను కదల్లేదు. నాలో ఎక్కడో ఆయన కట్టె పట్టుకుని నడుస్తున్నాడనుకున్నాను.

మర్నాడు డాక్టర్ కాగితం మీద బొమ్మ గీశాడు. నాకు పుట్టుకతోనే రెండు గర్భసంచులు. ఒకదాని దారికి అడ్డంగా పలచని పొర ఉంది. నెలల తరబడి బయటికి రాని రక్తమే ఆ గడ్డ. ఆ వైపు కిడ్నీ కూడా లేదు. పొర తీస్తే చాలు, ఏదీ తీసేయనక్కర్లేదు.

బయటికి వచ్చి అమ్మ చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. "నాకెందుకవ్వా అవన్ని. పెద్ద కోతనా, చిన్నదా?"

"చిన్నదే బావా."

"మంచిది."

తర్వాత ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అదేమిటని అడగలేదు. అడగనందుకు కూడా ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆ రోజు స్కానింగ్ అయి నేను గది బయటికి వచ్చినప్పుడు ఆయన గోడకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. "భయపడ్డవా బిడ్డా? భయమేమున్నది అండ్ల?" అంటూ పిడికిలి విప్పాడు. పట్టీలు చెమటతో తడిసి ఉన్నాయి. వాటిని తీసుకున్నాక చూశాను. ఆయన అరచేతి నిండా మువ్వలు దిగిన గుంటలు, వరసగా, ఎర్రగా.